డాక్టర్ సలహా: నలభై దాటాక త్రోబాల్ ఆడొచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాకు 41 ఏళ్లు, పొదుపు సంఘం లీడర్‌ని. మా సంఘంలో 12 మందిమి సాయంత్రాలు బడి గ్రౌండ్‌లో త్రోబాల్ ఆడాలనుకుంటున్నాం. 28 నుంచి 52 ఏళ్ల వాళ్లమున్నాం. ఇద్దరికి బీపీ ఉంది. ఒకామె షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. ముగ్గురికి గర్భసంచి తీసేశారు. నాకేమో దగ్గినా, ఎగిరినా మూత్రం చుక్కలు పడుతుంది. ‘పొద్దంతా పొలంలో వంగేవాళ్లకి మళ్లీ ఆటలెందుకు’ అంటున్నారు ఇంట్లో. ఆడొచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఆడొచ్చు. ముందు మీ ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దాం, అందులో సగం నిజముంది. మిరప కోతలో గంటల తరబడి నడుం వంచే ఉంటారు. ఒళ్లు అలిసిపోతుంది గానీ గుండె వేగం పెరిగి కాసేపు అలా నిలిచేది తక్కువ, చేతులు భుజాల పైకి లేచేది ఇంకా తక్కువ. త్రోబాల్ దీనికి తిరగేసిన పని: నిటారుగా నిలబడాలి, చేతులెత్తాలి, పక్కలకు చకచకా అడుగులెయ్యాలి. కాబట్టి పొలం పని ఆటకు బదులు కాదు. కానీ పొద్దంతా కోత కోసిన రోజు నడుం కండరాలు అలిసి ఉంటాయి, ఆ రోజు పోటీ ఆట వద్దు, ఊరికే బంతి పట్టడం, విసరడం చాలు.

వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు 45 నిమిషాలు ఆడితే 135 అవుతాయి, మిగతాది నడక. వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలకండి. వ్యాయామం చేశాక కండరాలు రక్తంలోని చక్కెరను బాగా వాడుకునే గుణం ఒకటి రెండు రోజులే ఉంటుంది. బరువు పెద్దగా తగ్గకపోయినా నిరాశపడొద్దు, బీపీ, షుగర్, నిద్ర ముందు మారతాయి.

మొదలుపెట్టే ముందు పన్నెండు మందీ ఏఎన్ఎం దగ్గర బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. హిమోగ్లోబిన్ వదిలేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ 11 దాటితే ఆటకు అడ్డు లేదు. 12 లోపు ఉంటే ఐరన్ మాత్ర మాత్రం మొదలుపెట్టాలి. 8కీ 11కీ మధ్య ఉంటే అది పెరిగేదాకా నడక, తేలికపాటి క్యాచింగ్. 8 కంటే తక్కువైతే ఆట కాదు, ఆసుపత్రి. ఐరన్ మాత్రను టీతోనో, పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు. టీకి గంట దూరంలో, నిమ్మరసంతో వేసుకోండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు.

బీపీ 180/110 లేదా ఆపైన ఉన్న రోజు ఆడకూడదు. విసిరేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా బయటికి వదలాలి, బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. శ్రమ ఎంతుండాలంటే, ఆడుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కొన్ని బీపీ మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు, వాళ్లకు నాడి లెక్క కన్నా ఇదే నమ్మకం.

గ్లిమిపిరైడ్ వేసుకునే ఆమె గురించే నా జాగ్రత్త ఎక్కువ. ఆ మాత్రకు ఆట తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు, ఒక్కోసారి రాత్రి నిద్రలో కూడా. ఖాళీ కడుపుతో దిగకూడదు. ముందు చూసుకుంటే 100 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తిని ఆడాలి. వణుకు, చెమట, తికమక మొదలైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వండి, 15 నిమిషాల్లో కుదుటపడకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యండి. మాత్ర మోతాదు తగ్గించాలేమో ఆమె డాక్టర్‌ని ముందే అడగాలి.

గర్భసంచి తీసి మూడు నెలలు దాటి, పొత్తికడుపులో నొప్పి గానీ, కింద ఏదో జారుతున్నట్టు గానీ లేకపోతే ఆడొచ్చు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు తొందరగా పలచబడతాయి, వాళ్లకు నిలబడి ఆడే ఆట ఇంకా అవసరం. కాన్పు అయినవాళ్లకూ మూడు నెలల దాకా గెంతులు వద్దు. గర్భిణులు బంతి ఆటకు రాకూడదు.

ఇక మీ సమస్య. కటి అడుగున మూత్రాశయాన్ని మోసే కండరాలు కాన్పుల తర్వాత వదులవుతాయి. గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించినట్టు లోపలికి, పైకి బిగించండి. 6–8 సెకన్లు ఉంచి, అంతే సేపు వదలండి. ఒక్కో విడతకు 8 నుంచి 10 సార్లు, రోజుకు మూడు విడతలు. పిర్రలు, తొడలు బిగిస్తే ఫలితం రాదు, చాలామంది తప్పు చేసేది అక్కడే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. మూడు నెలలు మానకుండా చేస్తేగానీ తేడా తెలీదు. దగ్గు వచ్చే ముందు, బంతి విసిరే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. తడుస్తుందని నీళ్లు మానేయడం మాత్రం తప్పు. చిక్కబడ్డ మూత్రం ఇంకా తొందరపెడుతుంది.

త్రోబాల్ కోర్టు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. నెట్ ఎత్తు సుమారు 7 అడుగుల 2 అంగుళాలు. మీరు మొదటి రెండు వారాలు నెట్ కట్టకండి. 10 నిమిషాలు నడక, చీలమండలు, భుజాలు తిప్పడం, సగం గుంజిళ్లు 10, తర్వాత ఇద్దరిద్దరు పది అడుగుల దూరంలో క్యాచింగ్. మూడు, నాలుగు వారాల్లో నెట్ ఒక అడుగు దించి రెండు విడతలు పదేసి నిమిషాలు. అయిదో వారం నుంచి 15 పాయింట్ల ఆట. గెంతి పట్టడం మీ ఆటలో నిషేధమని రాసుకోండి, మోకాళ్లకూ మీ సమస్యకూ అది మేలు.

చీర వద్దు, పంజాబీ డ్రెస్ వేసుకుని చున్నీ నడుముకు కట్టండి. గాజులు, ఉంగరాలు, పిన్నీసులు తీసేయాలి. తాళి తీయడానికి మనసొప్పకపోతే లోపలికి దోపి టేపు వెయ్యండి. హవాయి చెప్పులతో మడమ మెలిపడుతుంది, కాన్వాస్ బూట్లు కావాలి. షుగర్ ఉన్నామె వట్టికాళ్లతో ఆడనే కూడదు.

మీరు అడగని మాట ఒకటి. ఇలాంటి ఆటలు ఆగిపోయేది దెబ్బలు తగిలి కాదు, అన్నీ ఒక్కరే మోసి అలిసిపోయి. బ్యాంకుకూ మీరే, గ్రామ సంఘానికీ మీరే, ఇప్పుడు గ్రౌండ్‌కీ మీరేనా? వారానికొకరు కెప్టెన్, ఇంకొకరు రిఫరీ, మరొకరు మందుల సంచికి బాధ్యులు. హెడ్మాస్టర్‌ని అనుమతి అడగడానికి, లైటు కోసం పంచాయతీకి వెళ్లడానికి ఈసారి వేరేవాళ్లను పంపండి, మీరు వెనక కూర్చోండి. మీటింగుల్లో నోరు మెదపని ఆమెకు మొదట స్కోరు గట్టిగా అరిచే పని ఇవ్వండి, రెండు వారాలయ్యాక విజిల్. బంతి గీత మీద పడిందా, బయటా అన్నది ఒక్క సెకనులో తేల్చాలి, నలుగురు అరిచినా దానిమీదే నిలబడాలి. కోడలు రిఫరీ అయి అత్తను అవుట్ అన్న రోజు గొడవ వస్తుంది, తప్పదు. అందుకే రిఫరీతో కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదన్న నియమం ముందే పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. వయసులో చిన్నవాళ్లు ఇద్దరే బంతులన్నీ లాక్కోవడం ఇంకో చిక్కు. ఎవరి చోటుకి వచ్చిన బంతి వాళ్లదే, పక్కవాళ్లు దూరితే పాయింటు అవతలికి.

మడమ బెణికితే ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టండి. నూనె మర్దనా, పుత్తూరు కట్టు వద్దు. నాలుగడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. బంతి వేలి కొనకు తగిలి కొస వేలాడిపోతే నొప్పి లేకున్నా ఆ రోజే చూపించండి, లేటైతే వేలు అలాగే వంకరగా ఉండిపోతుంది. ఆటలో ఛాతీ బిగిసినట్టున్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, కళ్లు తిరిగి పడిపోయినా గ్యాస్ అనుకుని సోడా తాగించొద్దు. కూర్చోబెట్టి, స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చెయ్యండి.