కొంగు ముడిలో ఐరన్ మాత్రలు

ప్రశ్న: అమ్మకు 79 ఏళ్లు. విజయవాడ దగ్గర వృద్ధాశ్రమంలో ఉంటోంది. హిమోగ్లోబిన్ 8.4, ఫెరిటిన్ 11. మూడు నెలలుగా రోజుకు రెండు ఐరన్ మాత్రలు ఇస్తున్నారట, అయినా రక్తం పెరగలేదు. వారం వారం బీట్‌రూట్ పంపిస్తున్నాను. మోతాదు పెంచమనాలా?
– ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: ఫెరిటిన్ 11 అంటే ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటినట్టే. కానీ మోతాదు సంగతి తర్వాత. ముందు అమ్మగారు ఆ మాత్ర మింగుతున్నారో లేదో చూడండమ్మా.

నేను నెలకోసారి వెళ్లే ఆశ్రమంలో ఒక మామ్మగారికీ ఇంతే. బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే కొంగు ముడి తగిలింది. విప్పితే పదకొండు మాత్రలు! చెమటకి రంగు దిగి తెల్లచీర ఎర్రబడింది. "వేసుకుంటే రాయిలా బిగుసుకుపోతోంది నాయనా. బాత్రూముకి తీసుకెళ్లమని ఆ పిల్లని ఎన్నిసార్లు పిలవను?" అన్నారు. రోజుకు రెండు రాసింది నేనే మరి. రోజు విడిచి రోజు ఒకటి చేశాను. ఎక్కువేసినంత మాత్రాన పేగు అంతా పీల్చుకోదు, మిగిలింది కడుపుని సతాయిస్తుంది. మీరూ మీ డాక్టరుగారితో ఈ మాట అనండి.

ఏ వేళకి ఇస్తున్నారో కూడా అడగండి. పొద్దున్నే టీ గ్లాసుతో పాటు మాత్రలన్నీ ఒక్క గుప్పిట్లో పెట్టేస్తుంటారు. ముప్పై మందికి ఇద్దరే ఆయాలుంటే వాళ్లని మాత్రం ఏమనగలం? కానీ టీ, కాల్షియం మాత్ర ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్రకీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఏళ్ల తరబడి వేసుకునే గ్యాస్ మాత్రా అడ్డే. బీట్‌రూట్‌లో రంగే గానీ ఐరన్ పెద్దగా లేదు. ఇష్టమైతే తిననివ్వండి.

అసలు ప్రశ్న మీరు అడగలేదు: రక్తం ఎటు పోతోంది? ఈ వయసులో చాలాసార్లు కడుపులోనో పేగులోనో కారుతుంది. మోకాళ్ల నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, అల్సర్, ఒక్కోసారి పేగు క్యాన్సర్. ఐరన్‌తో విరేచనం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, భరించలేని వాసనతో అయితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కడుపులోకి, పెద్దపేగులోకి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించుకుంటారా అన్నది అమ్మగారినే అడగండి, ఆవిడ తరఫున మీరే 'వద్దు' అనేయకండి.

మాత్ర సరిగ్గా పడితే నెలలో హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే, అసలు మాత్రే పడకపోతే, ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కిస్తారు. రక్తం మామూలుకొచ్చాక కూడా మూడు నెలలు మాత్ర ఆపొద్దు, నిల్వ నిండాలి.