చిట్టీ, నీకిచ్చిన ఆ బోరింగ్ జాబ్ గురించి

చిట్టీ,

మొన్న ఫోన్లో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడావు, నాకు తెలిసిపోయింది. రెండేళ్ళలో నాకప్పజెప్పిన పని ఒక్క టికెట్ కూడా పెండింగ్ పెట్టలేదు, శని ఆదివారాలు కూడా కూర్చున్నావు, అయినా ప్రమోషన్ పక్క సీటు అబ్బాయికి ఇచ్చారు, ఇప్పుడు ఏ కోర్సు చెయ్యమంటావ్ పెదనాన్నా అన్నావు. కోర్సు చేస్తే చెయ్యి తల్లీ, వద్దనను. కానీ 24 ఏళ్ళుగా ఈ సాఫ్ట్‌వేర్ పనిలో ఉండి నేను చూసింది ఒకటుంది, ఫోన్లో చెప్తే తిట్టినట్టు అనిపిస్తుందని రాస్తున్నా. నువ్వు రాసే కోడ్ వల్ల ఎవరికి డబ్బు మిగుల్తోంది, ఎవరికి పోతోంది, అది నీకు తెలియాలి.

నాకిది ఆలస్యంగా తెలిసింది, అప్పటికే పదేళ్ళ సీనియర్ని. కస్టమర్లకి వెళ్ళే ఎస్సెమ్మెస్‌లో రూపాయలకి ఆర్, ఎస్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలుండేవి, చూడ్డానికి బాగాలేదని అవి తీసి ₹ గుర్తు పెట్టా. టెస్టింగ్ పాసయ్యింది, అందరూ బాగుందన్నారు. నెలాఖరుకి ఎస్సెమ్మెస్ బిల్లు మూడింతలు వచ్చింది. ఫైనాన్స్‌లో ఒక పెద్దావిడ ఆ బిల్లు ప్రింటు పట్టుకుని నా సీటు దగ్గరకే వచ్చి, ఈ నెల ఏం మార్చారు బాబూ అని అడిగితే ఏమీ మార్చలేదండీ అనేశా. దొరకడానికి రెండ్రోజులు పట్టింది. మామూలు ఇంగ్లీషు మెసేజ్ అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, అందులో ₹ లాంటిది ఒక్కటి దూరినా మెసేజ్ మొత్తం యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలోకి మారిపోయి 70కి పడిపోతుంది, అది కూడా దాటితే ముక్కకి 67 చొప్పున లెక్కేస్తారు, మా మెసేజ్ 140 అక్షరాలు కాబట్టి ఒకటి కాస్తా మూడయ్యింది. తెలుగులో పంపినా ఇదే లెక్క. అలాగని తెలుగు మానెయ్యమని కాదు, మెసేజ్ అర్థమైన మనిషి కాల్ సెంటర్‌కి ఫోన్ చెయ్యడు, ఆ ఖర్చు తగ్గుతుంది కదా, కానీ రెండు వైపులా లెక్క చూసుకుని పంపాలి.

ఆ తర్వాత నుంచి నెలనెలా బిల్లు వచ్చిన రోజు ఆవిడ దగ్గరకెళ్ళి కూర్చునేవాణ్ణి, టీ తాగుతూ ఒక్కో లైను ఇదేంటండీ అని అడిగేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి కొత్త ఫీచర్ అంటే ముందు నన్నే పిలిచేవాళ్ళు. కొత్త లాంగ్వేజ్ ఏదీ నేర్చుకోలేదు నేను ఆ ఏడాది.

ఇప్పుడు నీ సంగతి. రీకన్సిలియేషన్ బ్యాచ్ జాబ్ ఇచ్చారు, అంటే రాత్రిపూట రెండు వైపులా లావాదేవీల లెక్కలు సరిపోల్చి తేడాలు పట్టుకునే ప్రోగ్రాం, బోరింగ్ అన్నావు కదా. యూపీఐలో ఒకరు ఇంకొకరికి డబ్బు పంపినప్పుడు ఇటు కట్ అయి అటు చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి వెయ్యాలి, కొట్టువాడికి కట్టింది కన్ఫర్మ్ కాకపోతే ఐదు రోజుల్లోగా, దాటితే కస్టమర్ అడక్కపోయినా రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి అని ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్‌లో రూల్ పెట్టింది. నీ జాబ్ రాత్రి ఆగిపోతే తెల్లారి ఎన్ని లావాదేవీలు గడువు దాటుతాయో ఎప్పుడైనా లెక్కేశావా? డబ్బు సంగతి అటుంచు, మన ఊరి కిరాణా కొట్టు ముందు ఒక ముసలాయన 400 కట్ అయ్యాయి, కొట్టువాడేమో రాలేదంటున్నాడు అని ఫోన్ పట్టుకుని నిలబడటం నేను కళ్ళారా చూశా, ఆయన చేతిలో ఇంక డబ్బుల్లేవు. నీ పని ఆయన కోసమే.

అప్రైజల్ ఫారంలో రీట్రై లాజిక్ ఇంప్లిమెంట్ చేశాను అని రాశావు, అంటే ఫెయిలైంది తనంతట తనే మళ్ళీ ప్రయత్నించేలా చేశావు, కానీ చదివే పై మేనేజర్‌కి అదేంటో కూడా తెలీదు. ముందు రోజుకి ఎన్ని ఫిర్యాదులు వచ్చేవి, ఇప్పుడెన్ని, అది రాయి. నంబర్ నీ దగ్గర లేకపోతే సపోర్ట్ వాళ్ళ దగ్గర ఉంటుంది, కాకిలెక్కలు మాత్రం రాయకు, ఒక్కసారి దొరికితే తర్వాత నిజం చెప్పినా నమ్మరు. రేపు సర్వీస్ కంపెనీకి, అంటే వేరే కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చోటికి, మారినా ఇదే, కాకపోతే అక్కడ మీ కంపెనీ లెక్కతో పాటు క్లయింట్ లెక్క కూడా తెలుసుకోవాలి.

సోమవారం మీ మేనేజర్‌ని అడిగి ఒక పూట సపోర్ట్ టీంతో కూర్చో. హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్స్ విను, మధ్యలో మాట్లాడకు, జనం ఏ మాటతో మొదలుపెడుతున్నారో నోట్ చేసుకో. రాత్రికి నాకు ఫోన్ చెయ్, ఎంత లేటైనా పర్లేదు, మీ పెద్దమ్మ కూడా వింటానంటోంది.

మీ పెదనాన్న