గుణదల అబ్బాయి, గుంటూరు అమ్మాయి

ప్రశ్న: మాది విజయవాడ గుణదల. తాతల కాలం నుంచీ ఆర్.సి.ఎం., అంటే రోమన్ క్యాతలిక్‌లం. మా అబ్బాయికి గుంటూరు సంబంధం కుదిరేలా ఉంది. వాళ్ళు లూథరన్‌లు. పిల్ల మాకందరికీ నచ్చింది. కానీ మా అత్తగారు "వాళ్ళు మరియతల్లిని ఒప్పుకోరు, జపమాల చెప్పరు, వాళ్ళది వేరే మతం" అంటూ సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. నిజంగా వేరే మతమేనా? ఏసుప్రభువునే కొలిచేవాళ్ళు ఎందుకు విడిపోయారు? పెళ్లికి ఏమైనా అడ్డంకులు వస్తాయా?
– ఒక తల్లి, గుణదల

జవాబు: అమ్మా, వాళ్ళది వేరే మతం కాదని మీ అత్తగారికి ధైర్యంగా చెప్పండి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామాన నీళ్ళతో ఇచ్చిన లూథరన్ బాప్తిస్మం చెల్లుతుందని మీ శ్రీసభే, అంటే క్యాతలిక్ సంఘమే ఒప్పుకుంటుంది. ఆ అమ్మాయి రేపు ఆర్.సి.ఎం.లో చేరతానన్నా ఆమెకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు. వేరే మతం నుంచి వచ్చినవాళ్ళకైతే ఇవ్వాల్సిందే కదా.

మీ ఉత్తరం చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెది ఫిరంగిపురం, బాలఏసు గుడి గంట వింటూ పెరిగిన మనిషి. నాన్నగారిది గుంటూరు లూథరన్ కుటుంబం. వాళ్ళ పెళ్లికి రెండు వైపులా పెద్దలు అలిగి చాలాకాలం మాటలు మానేశారట. తర్వాత నేను కాలేజీలో చరిత్ర చెబుతున్నన్నాళ్ళూ ఈ పాఠం వస్తే మాత్రం గంట కొట్టినా ఆపబుద్ధి అయ్యేది కాదు. అందుకే మీకూ కాస్త వివరంగా రాస్తున్నాను.

గొడవ ఐదువందల ఏళ్ళ కిందట డబ్బు దగ్గర మొదలైంది. పాపసంకీర్తనం చేస్తే, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకుంటే, పాపం మన్నించబడుతుంది కానీ, దానికి అనుభవించాల్సిన శిక్ష కొంత మిగిలే ఉంటుందని, అది ఇక్కడ తీరకపోతే చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలో తీరాలని శ్రీసభ బోధ. ఆ శిక్షను తగ్గించే పత్రాలను డబ్బు తీసుకుని ఇవ్వడం అప్పట్లో బాగా పెరిగిపోయింది. జర్మనీలో మైన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం రోముకు కట్టాల్సిన సొమ్మును ఫుగ్గర్ అనే వ్యాపార కుటుంబం దగ్గర అప్పు తెచ్చాడు. పత్రాల మీద వచ్చిన డబ్బులో సగం ఆ అప్పుకు, సగం రోములో సెయింట్ పీటర్స్ దేవాలయం కట్టడానికి అని ఒప్పందం. టెట్‌జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి వాటిని అమ్మాడు. లూథర్ ఉండే విటెన్‌బర్గ్ పట్టణమున్న రాజ్యంలో అతన్ని అడుగు పెట్టనివ్వలేదు. అయినా అక్కడి జనం సరిహద్దు దాటి వెళ్ళి కొనుక్కొచ్చుకున్నారు.

విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ సన్యాసి, గురువు (అంటే ఫాదర్), యూనివర్సిటీలో బైబిల్ పాఠాలు చెప్పే పంతులు. పేదవాళ్ళు ఇంట్లో ఖర్చుకు ఉంచుకున్న డబ్బు ఈ పత్రాలకు పోస్తుంటే ఆయన చూస్తూ ఊరుకోలేకపోయాడు. 1517 అక్టోబరు 31న 95 వాదాంశాలు లాటిన్‌లో రాసి, ఆ ఆర్చిబిషప్‌కే ఉత్తరంతో పంపించాడు. కొత్త సంఘం పెట్టాలన్న ఆలోచన ఆ రోజున ఆయనకు లేదు. కానీ వాదం ముదిరేకొద్దీ అసలు ప్రశ్నలు బయటికొచ్చాయి. మనిషి దేవుని ముందు నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనేనా, మంచి పనులు కూడా లెక్కకొస్తాయా? చివరి మాట బైబిలుదా, పోపుదా? 1521 జనవరిలో పోపు ఆయన్ని వెలివేశారు. జర్మన్ రాజుల్లో కొందరు లూథర్‌కు అండగా నిలిచారు. వాళ్ళలో భక్తి ఉన్నవాళ్ళూ ఉన్నారు, మఠాల ఆస్తుల మీద కన్ను వేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కత్తి అండ లేకపోతే లూథర్ బతికి బట్టకట్టేవాడు కాదు.

మీ అత్తగారికి చెప్పాల్సిన సంగతులు మరో రెండు ఉన్నాయి. 1545 నుంచి 1563 వరకు విడతలుగా జరిగిన ట్రెంట్ మహాసభలో క్యాతలిక్ శ్రీసభే ఆ పత్రాల అమ్మకందార్లను రద్దు చేసింది. ఇక 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో క్యాతలిక్ శ్రీసభ, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచేది కృప వల్లనేనని, ఆ మూలసత్యంలో తమకు తేడా లేదని అందులో రాసుకున్నారు. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర లూథరన్ సంఘం, అదే ఏ.ఇ.ఎల్.సి., ఆ సమాఖ్యలో సభ్యసంఘమే. పోపు అధికారం, గురుపట్టం (ఫాదర్లకు ఇచ్చే అభిషేకం) లాంటి విషయాల్లో తేడాలు ఇంకా ఉన్నాయి. కానీ కుటుంబాలు మాటలు మానేసేంతటి తేడాలు కావవి. ఇది నేను మనస్ఫూర్తిగా రాస్తున్న మాట.

ఇక మరియతల్లి. మీ గుణదల కొండ మీద ఇటలీ గురువు ఆర్లాటి గారు 1924లో ఆ తల్లి స్వరూపాన్ని నిలబెట్టినప్పటి నుంచీ ఏటా ఫిబ్రవరిలో ఎంత జనం వస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తల్లిని లూథరన్‌లు తృణీకరిస్తారన్నదే మీ అత్తగారి బాధ. ఆమెను దేవమాత అనాలని 431లో ఎఫెసు మహాసభ తీర్మానించింది. లూథర్ ఆ తీర్మానాన్ని పూర్తిగా ఒప్పుకున్నాడు. 1521లో మరియమ్మ పాడిన స్తుతిగీతం మీద ఎంతో భక్తితో ఒక వ్యాఖ్యానం రాశాడు. లూథరన్‌లు చేయనిదల్లా ఆమెకు ప్రార్థించి, మా కోసం వేడుకొనమని అడగడం. అది చిన్న తేడా కాదని నాకూ తెలుసు, మా అమ్మ జపమాల చేతిలో పట్టుకునే కన్నుమూసింది. కానీ ఒప్పుకోకపోవడం వేరు, ప్రార్థించకపోవడం వేరు.

పెళ్లి సంగతి. మీ విచారణ గురువులను, అంటే మీ గుడి ఫాదర్‌గారిని కలిస్తే వారు పీఠాధిపతుల (బిషప్‌గారి) అనుమతికి రాస్తారు. అమ్మాయి బాప్తిస్మం సర్టిఫికెట్ ముందే తెప్పించుకోండి. పిల్లల్ని క్యాతలిక్ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని మీ అబ్బాయి మాట ఇవ్వాలి. అమ్మాయి అలాంటి మాట ఇవ్వక్కర్లేదు గానీ, అతను ఇచ్చిన మాట ఆమెకు తెలిసి ఉండాలి. లూథరన్ చర్చిలోనే చేయాలని వాళ్ళు పట్టుబడితే, దానికీ పీఠాధిపతులు ప్రత్యేక అనుమతి ఇవ్వగలరు. శుభలేఖలు అచ్చు వేయించకముందే ఈ పనులన్నీ కానివ్వండి. పిల్లల విషయం మాత్రం ఇప్పుడే, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. తర్వాత చూసుకుందాంలే అని వదిలేసిన ఇళ్ళల్లో బిడ్డ పుట్టాక ఎంత రభస జరుగుతుందో చాలా చూశాను.

ప్రశ్న: మా హాస్టల్లో కేరళ స్నేహితుడు ఒకడు తాను ఆర్థొడాక్స్ అన్నాడు. "రష్యా వాళ్ళలాగా జనవరి 7న క్రిస్మస్ చేస్తారా?" అంటే, "మేం వేరు, వాళ్ళు వేరు" అన్నాడు. ఆర్థొడాక్స్‌లో కూడా రెండు రకాలా?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: అవును నాయనా, రెండూ వేర్వేరు. వాళ్ళు విడిపోయిన కాలాల మధ్య ఆరువందల ఏళ్ళ దూరం ఉంది.

మీ స్నేహితుడిది పాత చీలిక. క్రీస్తు దేవుడూ మనిషీ కదా, ఆ రెండూ ఆయనలో ఎలా కలిసి ఉన్నాయి? 451లో కాన్‌స్టాంటినోపుల్‌కు (ఇప్పటి ఇస్తాంబుల్) ఎదురుగా జలసంధి అవతలి ఒడ్డున ఉన్న ఖల్కెదోనులో మహాసభ జరిగింది. ఆయన ఒక్క వ్యక్తే, ఆయనలో దైవస్వభావం, మానవస్వభావం రెండూ ఉన్నాయని తీర్మానించారు. ఐగుప్తు క్రైస్తవులకు, సిరియాలో చాలామందికి అది క్రీస్తును రెండుగా చీల్చినట్టు వినిపించింది. పైగా అదే సభలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియా పాట్రియార్క్ (అక్కడి సంఘపెద్ద) డియోస్కోరును పదవి నుంచి దించేశారు. చక్రవర్తి సైన్యాన్ని దించి మరీ తీర్మానాన్ని అమలు చేయబోయేసరికి జనం ఇంకా బిగుసుకుపోయారు. ఐగుప్తు కోప్టులు, ఆర్మీనియా, ఇథియోపియా, సిరియా సంఘాలు ఆ దారిలో వేరుపడ్డాయి. కేరళ క్రైస్తవులకు మొదట పర్షియా సంఘంతో సంబంధం ఉండేది. పోర్చుగీసువాళ్ళు వాళ్ళను బలవంతంగా రోము కిందికి తెచ్చారు. 1653లో మట్టాంచేరిలో చాలామంది ఎదురు తిరిగి ప్రమాణం చేశారు. వాళ్ళలో ఒక భాగం తర్వాత సిరియా వైపు వెళ్ళింది. మీ స్నేహితుడి పూర్వీకులు బహుశా వాళ్ళే. వాళ్ళ క్రిస్మస్ మనలాగే డిసెంబరు 25న.

రష్యా, గ్రీసు ఆర్థొడాక్స్‌లు ఖల్కెదోనును ఒప్పుకున్నవాళ్ళే. వాళ్ళు రోముతో విడిపోయిన సంవత్సరంగా పుస్తకాలు 1054ను చూపిస్తాయి. ఆ రోజు జరిగింది చదివితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పోపు పంపిన రాయబారి కార్డినల్ హంబెర్ట్ జూలై 16న కాన్‌స్టాంటినోపుల్‌లోని హాగియా సోఫియా దేవాలయంలోకి వచ్చాడు. ఆరాధన మొదలవబోతోంది. తిన్నగా బలిపీఠం దగ్గరికి నడిచి, పాట్రియార్క్ సెరులారియస్‌ను వెలివేస్తున్న పత్రాన్ని దాని మీద పెట్టి, బయటికొచ్చి కాళ్ళ దుమ్ము దులిపేసుకున్నాడు. ఒక డీకను దాన్ని పట్టుకుని వెంట పరిగెత్తి, వెనక్కి తీసుకోమని బతిమాలాడని చెబుతారు. ఆయన వినలేదు. అసలు ఆయన్ని పంపిన పోపు 9వ లియో ఏప్రిల్‌లోనే చనిపోయారు. విశ్వాసప్రమాణంలో పరిశుద్ధాత్మ "కుమారుని నుండియు" వస్తాడన్న మాటను గ్రీకులు తీసేశారని ఆ పత్రంలో ఒక నింద. నిజానికి దాన్ని తర్వాత చేర్చుకున్నది పశ్చిమమే, అంటే రోము వైపువాళ్ళే. జవాబుగా పాట్రియార్క్ కూడా ఆ రాయబారులను వెలివేశాడు. రెండు వైపులా వెలివేసింది కొందరు మనుషులను మాత్రమే, సంఘాలను కాదు.

అయితే ఆ మర్నాటి నుంచే అందరూ శత్రువులైపోలేదు. నిజంగా గుండె విరిగింది 1204లో. యెరూషలేము కోసమంటూ బయల్దేరిన పశ్చిమ క్రూసేడర్లు దారి మళ్ళి, సాటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను దోచి, హాగియా సోఫియాను కూడా కొల్లగొట్టారు. సిద్ధాంతాల మీద ఎన్ని తేడాలున్నా మాట్లాడుకోవచ్చు. ఆ మూడు రోజుల దోపిడీని తూర్పు ప్రజలు తరతరాలు మరవలేదు. 1965 డిసెంబరు 7న పోపు 6వ పాల్, పాట్రియార్క్ అతెనగోరస్ ఆ పాత వెలివేతలను రద్దు చేశారు. విడిపోవడం మాత్రం అలాగే ఉంది.

జనవరి 7 వెనక సిద్ధాంతం ఏమీ లేదు. 1582లో పోపు గ్రెగరీ సరిచేసిన క్యాలెండర్‌ను రష్యా సంఘం తన పండుగలకు తీసుకోలేదు. పాత క్యాలెండర్ ఇప్పుడు 13 రోజులు వెనకబడి ఉంది. వాళ్ళ డిసెంబరు 25 మనకు జనవరి 7.

ప్రశ్న: మాది మంగళగిరి, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). పక్కింటి బాప్టిస్టు అక్కయ్య "పసితనంలో నీళ్ళు చిలకరించింది బాప్తిస్మం కాదు, మళ్ళీ తీసుకో" అంటోంది. మా పెద్దమ్మావాళ్ళు పెంతెకొస్తు. అందరూ ప్రొటెస్టెంట్లే కదా, ఇన్ని ఎందుకు?

జవాబు: రోము నుంచి వేరైన ప్రొటెస్టెంట్లు మొదటి తరంలోనే తమలో తాము విడిపోయారమ్మా. 1529లో మార్బర్గ్ కోటలో లూథర్‌ను, జూరిచ్ సంస్కర్త జ్వింగ్లీని కలిపి కూర్చోబెట్టారు. సంస్కార భోజనంలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, ఆయన జ్ఞాపకార్థమా అన్నది వివాదం. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసుకుని, దాని నుంచి కదల్లేదు. 15 అంశాల్లో 14 మీద ఏకీభవించారు. ఆ ఒక్కదాని దగ్గర వేరైపోయారు. ఇంగ్లండులో 8వ హెన్రీ రాజు తన మొదటి పెళ్లిని పోపు రద్దు చేయలేదని 1534లో సంఘాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆంగ్లికన్‌లు అలా వచ్చారు. పెంతెకొస్తు ఉద్యమం 20వ శతాబ్దపు మొదట్లో అమెరికాలో ఊపందుకుంది, పరిశుద్ధాత్మ ఆవేశంలో తెలియని భాషలతో మాట్లాడటం దాని గుర్తు.

మీ అక్కయ్య చెప్పేది ఊరికే పుట్టిన మాట కాదు, దాన్ని చులకన చేయకండి. తెలిసి నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అన్నందుకు 1527లో జూరిచ్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపారు. ముంచినవాళ్ళూ ప్రొటెస్టెంట్లే. బాప్టిస్టులు 17వ శతాబ్దంలో వేరుగా మొదలైనా ఆ నమ్మకాన్నే పట్టుకున్నారు. మన దగ్గర కూడా 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మలో దిగి 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఎంతోమందికి కూలి ఇప్పించి బతికించారు.

మీ సి.ఎస్.ఐ. మాత్రం విడిపోయినవాళ్ళు కలిసి కట్టిన ఇల్లు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్‌లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటయ్యారు. బిషప్‌లు ఉండాలన్నది ఆంగ్లికన్‌ల పట్టుదల, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. బిషప్ చేతి అభిషేకం లేని పాస్టర్లను మళ్ళీ అభిషేకించకుండా అలాగే చేర్చుకోవాలన్నది మిగతావాళ్ళ కోరిక, ఆంగ్లికన్‌లు సర్దుకున్నారు. అది మింగుడుపడక నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్‌లు చాలామంది ఎన్నో ఏళ్ళు బయటే ఉండిపోయారు. బాప్టిస్టులు, లూథరన్‌లు చేరలేదు.

మీ ప్రశ్నకు నా జవాబు: మీ సంఘం లెక్కలో మీ బాప్తిస్మం చెల్లింది, రెండోసారి ఇవ్వడానికి మీ పాస్టరుగారు ఒప్పుకోరు. పసితనంలో మీ తరఫున మీ అమ్మానాన్నలు చెప్పిన మాటను, కన్ఫర్మేషన్ రోజున మీరే మీ నోటితో సంఘం ముందు చెప్పి ఉంటారు. అక్కయ్యకు ఆ సంగతి చెప్పండి. అప్పటికీ మనసు కుదుటపడకపోతే, నదికి వెళ్ళేముందు ఒకసారి పాస్టరుగారితో కూర్చుని మాట్లాడండి.