కుంచె ఆగకుండా ఫొటో తీయాలంటే

ప్రశ్న: చేర్యాల నకాషీ చిత్రకారుల ఇళ్లల్లో, వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గర వాళ్ల అనుమతితోనే ఫొటోలు తీస్తుంటాను. నాది డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా). మొదటి ‘టపక్’ వినగానే కుంచె ఆగిపోతుంది, ముఖం బిగుసుకుంటుంది. సైలెంట్ షటర్ కోసం మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) కొనాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆ చప్పుడులో పెద్ద వాటా షటర్ తెరలది (సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునేవి) కాదు, అద్దానిది. బటన్ నొక్కగానే అద్దం లేచి పైన తగులుతుంది, తెరలు పరుగెత్తాక మళ్లీ కింద పడుతుంది. నికాన్‌లో డ్రైవ్ మోడ్ ‘క్యూ’లో పెడితే, వేలు తీసేదాకా అద్దం దిగదు. ఫొటో పడ్డాక వేలు అలాగే ఉంచి, వీధిలో ఆటో పోతున్నప్పుడు వదలండి. కెనాన్‌లో ‘ఎస్’ గుర్తున్న సైలెంట్ మోడ్ ఉంటే అద్దం నెమ్మదిగా కదులుతుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ తీసే పద్ధతిలో) అద్దం ముందే లేచి ఉంటుంది కాబట్టి ఇంకా మేలు. అయితే కొన్ని బాడీల్లో లైవ్ వ్యూలోనూ ప్రతి ఫొటోకు అద్దం దిగి లేస్తుంది. ఇంట్లోనే ఒకసారి చెవి పెట్టి వినండి.

ఫోకస్ బీప్ ఆపేయండి. దానికంటే ముందు ఫోకస్‌కు సాయంగా వెలిగే చిన్న లైటు ఆపండి. మసక గదిలో ఆ వెలుగు ముఖాన పడితే చప్పుడు కంటే ఎక్కువ ఉలికిపడతారు. వెళ్లగానే మనిషి మీదికి లెన్స్ తిప్పకండి. పది నిమిషాలు రంగు గిన్నెలు, కుంచెలు, ఆరబెట్టిన బట్ట తీయండి. చెవికి ఆ చప్పుడు పాతబడుతుంది.

ఇక మీరడిగిన సైలెంట్ షటర్, అంటే తెరలు కదలకుండా సెన్సరే ఫొటో చదివే ఎలక్ట్రానిక్ షటర్ సంగతి. చప్పుడు అసలే ఉండదు, నిజమే. కానీ మామూలు సెన్సర్ పై వరుస నుంచి కింది వరుసదాకా చదవడానికి సుమారు 1/15 నుంచి 1/30 సెకను పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షటర్ వేగం 1/200 సెకనులో తీశారా, చేర్యాల పటం ఎర్రటి నేల మీద చారలు పడతాయి. 1/100 గాని 1/50 గాని పెడితే చారలు పోతాయి. కొన్ని ఎల్‌ఈడీల తీరు వేరు, ముందు ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

కొత్తవాడలో ఎలక్ట్రానిక్ షటర్ జోలికే పోవద్దు. జంపఖానా మగ్గం మీద దూసుకుపోయే నాడె (అడ్డపోగు మోసేది) వరుసలు చదివేలోపే జరిగిపోయి వంకరగా పడుతుంది. అక్కడ మగ్గం దెబ్బే మీకు తోడు: దెబ్బ పడే క్షణంలోనే మామూలు షటర్ నొక్కండి, ఎవరికీ వినబడదు. నిశ్శబ్దం అవసరమైన చేర్యాల గదిలో కదిలేది కుంచె ఒక్కటే, అదీ మెల్లగా, కాబట్టి అక్కడ ఎలక్ట్రానిక్ షటర్ పనికొస్తుంది.

తర్వాతెప్పుడైనా మిర్రర్‌లెస్ కొంటే, మెకానికల్ షటర్ (తెరలున్న మామూలు షటర్) కూడా ఉందో లేదో అడిగి కొనండి. కొన్ని వ్లాగింగ్ కెమెరాల్లో అది ఉండదు.

ప్రశ్న: కెమెరాకు మందపాటి గుడ్డ చుడితే చప్పుడు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: కొంత తగ్గుతుంది. కానీ జూమ్ రింగు, బటన్లు చేతికి అందవు, గుడ్డ అంచు లెన్స్ ముందుకు జారుతుంది. పైగా ఆ మూట చూసి అందరూ మీవైపే తిరుగుతారు.