క్లోరిన్ డోసు, రెసిడ్యువల్ క్లోరిన్ ఒకటేనా?

కాదు, డోసు అంటే మనం నీటిలో కలిపిన క్లోరిన్, రెసిడ్యువల్ అంటే దాని పని అయ్యాక మిగిలిన క్లోరిన్. తాగునీటి ఆపరేటర్ పరీక్షకు మొదటిసారి చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కలిపిన దాంట్లో కొంత సూక్ష్మజీవులను చంపడానికి, ఇంకొంత నీటిలోని ఇనుము, కుళ్లిన ఆకుల లాంటి సేంద్రియ పదార్థాలతో ఖర్చయిపోతుంది. ఆ ఖర్చే డిమాండ్. డోసులోంచి డిమాండ్ తీసేస్తే రెసిడ్యువల్.

విశాఖ మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లే తీసుకోండి. లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ వేశారు. అరగంటయ్యాక, క్లోరిన్ మిగిలి ఉంటే నీటిని గులాబీ రంగుకు మార్చే డీపీడీ మాత్ర కలిపితే, ట్యూబులోని రంగు పరీక్ష కిట్‌లోని రంగుల పట్టీలో 0.5 గడితో సరిపోయిందనుకుందాం. డిమాండ్ 1.5 అన్నమాట. వానలకు బురదనీరు చేరితే డిమాండ్ పెరుగుతుంది. పాత డోసే వేస్తే కుళాయిదాకా ఏమీ మిగలకపోవచ్చు. అక్కడ కనీసం 0.2 ఉండాలన్నది మన దేశ ప్రమాణం. పిల్లలు తాగే నీళ్లు కదా, ఈ అంకె మాత్రం కంఠతా రావాలి.

ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుని డోసు తగ్గించడం పెద్ద పొరపాటు. చాలాసార్లు ఆ వాసన అమ్మోనియాతో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమైన్లది. అప్పుడు నిజానికి క్లోరిన్ చాలలేదని అర్థం.