అమ్మ పుట్టింది దొర వేషం నాడంట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పుట్టినరోజుల గురించే ఎక్కువమంది అడిగినారు, అందుకని మూడు ఒకే చోట పెడతాన్నా. మొదటి రెండూ తొందరగా చెప్పేస్తా, మూడోదానికి కొంచెం టైం కావాల.

ప్రశ్న: మా పిల్లోడికి వచ్చే నెల 5 ఏళ్ళు నిండుతాయి. కేక్ మీద క్యాండిల్ ఊదాలని వాడి గోల. మా అత్తేమో పుట్టినరోజు పూట దీపం ఆర్పితే ఇంటికి మంచిది కాదు, నేను ఆ పక్కకే రాను అంటాది. ఎవురి మాట వినాల అక్కా? – పాకాల నుంచి ఒక కోడలు

జవాబు: మీ అత్త మాటే విను తల్లీ, పిల్లోడు కూడా ఏమీ పోగొట్టుకోడు. 5 మట్టి ప్రమిదలు తెచ్చి నూనె పోసి వత్తులేసి పెట్టు, వాడి చెయ్యి పట్టుకోని ఒక్కొక్కటి మీ అత్త చేతనే వెలిగించు, పై ఏడు ఇంకొకటి పెరుగుతుందిరా అని చెప్పు. పిల్లోళ్ళకి నిప్పు ముట్టుకోనిచ్చేదే పెద్ద సంబరం, ఊదేదాని కంటే వెలిగించేది వాడికి ఎక్కువ గుర్తుంటుంది. హారతి ఇచ్చినాక కేక్ కట్ చేసుకోండి. మీ అత్త ఆ పక్కకి రాకపోవడం ఏమి, ముందర నిలబడుకునేది ఆమే.

ప్రశ్న: అక్కా, నేను తిరపతిలో ఒక షోరూంలో పని చేస్తా, జీతం 16 వేలు. నా బర్త్ డే వస్తే చాలు ఫ్రెండ్స్ 8 మంది ట్రీట్ ట్రీట్ అని పట్టుకుంటారు, పోయిన సంవత్సరం హోటల్ బిల్లు 5 వేలు దాటింది, ఆ నెల ఇంటికి డబ్బులు పంపలేకపోయినా. ఈసారి ఫోన్ స్విచ్ ఆఫ్ చేసుకోని యాడికన్నా పోదామనుకుంటాన్నా. – పేరు వద్దు

జవాబు: ఫోన్ మాత్రం ఆపొద్దు నాయనా. వాళ్ళు అడిగేది తిండి కోసమే అని నువ్వు అనుకుంటాన్నావు గానీ, ఆ 8 మందిలో నీ జీతం ఎంతో నిజంగా తెలిసినోళ్ళు ఎంతమంది? చెప్పి చూడు, "ఈసారి నా దగ్గర వెయ్యి రూపాయలే ఉన్నాయిరా, దాంట్లో చేసుకుందాం" అని. పొద్దున్నే బస్సులో శ్రీనివాస మంగాపురం పోయి, ఆడ నుంచి శ్రీవారి మెట్టు ఎక్కండి, 2,388 మెట్లు, వయసు పిల్లోళ్ళు మాట్లాడుకుంటా ఎక్కేస్తారు, మోకాళ్ళు పట్టేసినోడిని మిగతావాళ్ళు చెయ్యిచ్చి లాగుతా ఉంటే ఆ ముచ్చట హోటల్లో ఏసీ కింద యాడొస్తుంది. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అందరూ ఒకే వరసలో కూచోని తినండి, కొండ మీద నిత్యాన్నదానం 1985 నుంచి నడస్తా ఉంది, ఆ భోజనం ముందర పెద్దోడూ లేడు చిన్నోడూ లేడు. నీకు చేతనైనంత అన్నదానానికి ఇచ్చి రా. ఇంటికి డబ్బు పంపలేకపోయినావు చూడు, నాకు బాధనిపించింది ఆ ఒక్క మాటే. ముందు అది పంపేసి ఆ తర్వాతే ట్రీట్ సంగతి.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఐరాల దగ్గర పల్లె, నేను బెంగళూరులో జాబ్ చేస్తాన్నా. మా అమ్మకి ఇంతవరకు ఒక్క పుట్టినరోజు కూడా ఎవురూ చెయ్యలేదు. ఆధార్ లో 01-07-1968 అని ఉంది కానీ అది బడిలో అయ్యవారు వేసిన తేదీ అంట. అమ్మని అడిగితే "మా అమ్మ తిరపతిలో ఉన్నప్పుడు గంగమ్మ జాతరలో దొర వేషం నాడు పుట్టినానంట, పరాభవ సంవత్సరమంట, అంతే తెలుసు" అంటాది. నాయన పోయి 4 ఏళ్ళు అయింది. అమ్మకి 60 నిండేటప్పుడు ఘనంగా చేద్దామని నేనంటే, మా పెద్దమ్మ వాళ్ళు "మొగుడు లేని మనిషికి షష్టిపూర్తి ఏందే" అని కసురుకున్నారు, అమ్మ కూడా "నాకేం వద్దు" అని ఊరుకునింది. ఏ తేదీన చెయ్యాల, ఏం చెయ్యాల? – ఒక కూతురు

జవాబు: నీ ఉత్తరం రెండు సార్లు చదివినా తల్లీ. "అంతే తెలుసు" అనింది కదా మీ అమ్మ, ఆ అంతేలోనే బోలెడంత ఉంది, చూడు చెప్తా.

పరాభవ అంటే 1966 ఉగాది నుంచి 1967 ఉగాది దాకా. మన సంవత్సరాల పేర్లు 60 కాబట్టి మళ్ళీ అదే పరాభవ 2026 ఉగాదికి వచ్చింది, అంటే మీ అమ్మ పుట్టిన సంవత్సరం ఒక చుట్టు తిరిగొచ్చి ఆమె గడప ముందర నిలబడింది. ఇంక జాతర. అది తిరపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకి మే నెలలో జరిగేది, జనం రోజుకొక వేషం కడతారు. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు, బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం. కాబట్టి మీ అమ్మ పుట్టింది మే నెలలో ఒక శనివారం. 1966 మే నడిమి శనివారాలు చూస్తే 14, 21. ఈ రెండిట్లో ఏది అని తేల్చేదానికి ఒక దోవ ఉంది, ఆ నెల 20వ తేదీ శుక్రవారం అమావాస్య. 21 అయితే అమావాస్య మరుసటి రోజు, అట్లాంటి పుట్టుక గురించి ఇంట్లో ఆడోళ్ళు తప్పకుండా ఏదో ఒకటి అనుకోని ఉంటారు, "అమావాస్య దాటినాక పుట్టింది, గండం తప్పింది" అనో ఏదో. 14 అయితే అమావాస్యకి ఇంకా దాదాపు వారం ఉంది, ఆ మాటే వచ్చి ఉండదు. మీ అవ్వ లేకపోయినా ఆమె చెల్లెలో, పక్కింటి ముసలామో, నీళ్ళు పోసిన మంత్రసాని ఇంటోళ్ళో ఎవురో ఒకరు ఉంటారు. శని ఆదివారాలు లీవు పెట్టుకోని వచ్చి, మీ అమ్మని ఎంటబెట్టుకోని పోయి వాళ్ళ దగ్గర కూచో. ఫోన్ లో రికార్డ్ చెయ్యి. నక్షత్రం కూడా తెలిస్తే పాత పంచాంగం చూపిస్తే గుళ్ళో పూజారి ఇట్టే చెప్పేస్తాడు. ఆధార్ జోలికి మాత్రం పోవద్దు, అది కాగితాలకి, ఇది ఇంటికి.

మీ పెద్దమ్మ మాటకి వస్తా. షష్టిపూర్తి మొగుడూ పెళ్ళాం కలిసి చేసుకునేది, మళ్ళీ తాళి కట్టేది ఉంటుంది కాబట్టి ఆమె ఆ లెక్కలో అనింది, సరే ఆ పేరు పెట్టొద్దు. పుట్టినరోజు అను. పుట్టినరోజు మొగుడి వల్ల వచ్చేది కాదు కదమ్మా, ఆమె పుట్టినందుకు వచ్చేది. తలంటు పోసుకోని కొత్త చీర కట్టుకోని కాణిపాకం వినాయకుడి దగ్గర అర్చన చేయించుకునేదానికి ఎవురి పర్మిషన్ అక్కర్లేదు, మీ ఊరికి పక్కనే కూడా. ఎవురైనా గొణిగితే నువ్వే ముందర నిలబడు, అమ్మని జవాబు చెప్పుకునే స్థితిలో పెట్టొద్దు.

ఇంక "నాకేం వద్దు" అనేది. మా అమ్మ కూడా అట్లనే అనేది, నేను చాలా కాలం నిజమే అనుకున్నా. ఒకసారి ఆమె 62వ పుట్టినరోజుకి చీర కొనిపెడితే బీరువాలో పెట్టేసింది, ఆ రోజు పొద్దున నేను ఊరికే దోసెలు పోస్తా "నువ్వు కూచోమ్మా" అంటే కూచునింది, పెనం మీద నుంచి వేడి దోసె తీసి నేరుగా ఆమె ప్లేట్లో వేసి ఊరిబిండి పెట్టినా. ఒకటి తినింది, రెండోది తినింది, మూడోదానికి కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునింది. నలభై ఏళ్ళు మా అందరికీ పోసి ఆఖర్న చల్లారిపోయిన దోసె తినిన మనిషి, పెనం మీద నుంచి దిగిన దోసె ఆమెకి ఎవురూ వెయ్యలేదు, నేను కూడా. అది నాకింకా గుచ్చుకుంటానే ఉంటుంది.

అందుకని కేక్, హాలు, ఫ్లెక్సీ వీటి సంగతి తర్వాత చూడు. ఆ రోజు మీ అమ్మని పొయ్యి దగ్గరికి రానీకు. మీ ఇంట్లో ఓళిగలు చేస్తే మొదటిది ఆమె ఆకులో పడాల, నెయ్యి ఎక్కువ వెయ్యి, షుగర్ ఉంటే మాత్రం ఒక్కటితో ఆపు. మామిడికాయల కాలం కాబట్టి పప్పులో మామిడికాయ వెయ్యి, సంగటి ముద్ద చెయ్యి, పక్కన ఆమెకి నచ్చిన పులుసు. నచ్చింది ఏదో నీకు తెలీకపోతే ఆమెని అడగొద్దు, మీ చిన్నమ్మనో మేనమామనో అడుగు, చిన్నప్పుడు అది దేనికోసం ఏడ్చేది అని. అందరికంటే ముందు ఆమె తినాల, మీరంతా నిలబడి వడ్డించాల. సాయంత్రం రికార్డ్ చేసింది వినిపించు, తాను పుట్టిన రోజు గురించి ఇంకొకరి నోట వినేది ఆమెకి అదే మొదటిసారి అయి ఉంటుంది.

14వ తేదీనా 21వ తేదీనా అని తేలినాక నాకు ఒక లైను రాయి, ఎదురు చూస్తా ఉంటా.