పోర్ట్ బ్లెయిర్‌కి ఒక్క పూట చాలదు, రెండు రోజులు పెట్టుకోండి

అమ్మానాన్నలతో ఐదు రోజులు అండమాన్ వెళ్తున్నామని, ప్యాకేజీలో పోర్ట్ బ్లెయిర్‌కి ఒక్క మధ్యాహ్నమే ఇచ్చారని, మిగతాదంతా బీచ్‌లేనని, అలాగే ఉంచాలా మార్చమనాలా అని అడిగారు. మార్చమనండి. పోయినేడు జనవరిలో మా నాన్నను తీసుకుని అలాంటి ప్యాకేజీలోనే వెళ్లాను. సెల్యులార్ జైలు ముందు దింపి "గంటలో వచ్చేయండి సార్" అన్నాడు డ్రైవరు. నాన్న మూడు గంటలదాకా బయటికి రాలేదు. ఆ రోజు కార్యక్రమం అంతటితో సరి.

(2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. మేం ఎక్కిన ఆటోల్లో మాత్రం ఎవరూ ఆ పేరు అనలేదు.)

మన పాత తెలుగులో 'ద్వీపాంతరం పంపించారు' అంటారు చూడండి, దాని అర్థం నాకు ఆ జైల్లోనే బోధపడింది. బ్రిటిష్‌వాళ్లు దాన్ని 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు వరసలు. ఇప్పుడు మిగిలినవి మూడే. దాదాపు 700 గదులు, ఒక్కో గదికి ఒక్కడే మనిషి. గది 13.5 అడుగుల పొడవు, 7.5 అడుగుల వెడల్పు. ఒక వరస తలుపులు ఇంకో వరస వీపువైపు తెరుచుకుంటాయి కాబట్టి ఎదుటి ఖైదీ మొహం కూడా కనబడదు. గడియను తలుపుకి కాకుండా పక్క గోడలో గూడు చేసి అందులో పెట్టారు. నాన్న లోపల నిలబడి ఊచల్లోంచి చెయ్యి చాపి చూశాడు, అందలేదు. పక్కనున్న పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్లూ చాపి చూశారు.

కింద గానుగ ఉంది. ఎద్దు తిరగాల్సిన చోట మనిషిని కట్టి రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తీయించేవాళ్లు, అంటే పదమూడు కిలోలకు పైనే. మనవాళ్లు కూడా ఇక్కడికి వచ్చారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లోనే ఉన్నారు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరనూ అండమాన్‌కే పంపారు. ఆయన 1952లో లోక్‌సభకి వెళ్లారు. ఇవి మా గైడు చెప్పలేదు, నాన్న చెప్పాడు.

మీరు చేయాల్సిందల్లా వరస కాస్త మార్చుకోవడం. ముందు జైలు, మర్నాడు పొద్దున రాస్ ద్వీపం. జైలు పైకెక్కితే సముద్రానికి అవతల, కూతవేటు దూరంలో రాస్ కనిపిస్తుంది. దొరలు ఉన్నది అక్కడ. చర్చి, బేకరీ, ఈతకొలను, టెన్నిస్ కోర్టు అన్నీ ఉండేవి, వాటికి చాకిరీ ఖైదీలది. 1941 భూకంపం, 1942లో జపాన్ దండు వచ్చాక ఆ వైభవం పోయింది. ఇప్పుడు గోడల్ని మర్రి ఊడలు పట్టుకుని నిలబెడుతున్నాయి, డాన్స్ హాల్లో జింకలు తిరుగుతున్నాయి. జైలు చూశాక వెళ్తే ఈ శిథిలాలు వేరేగా కనిపిస్తాయి. ముందే వెళ్తే ఫోటోలకి బాగుంటుంది, అంతే.

రాస్‌తో పాటు నార్త్ బే కూడా కలిపి అమ్ముతారు. అక్కడ ఉన్నవి నీటి ఆటలు, పెద్దవాళ్లకి అనవసరం. పాత ఎర్ర ఇరవై నోటు వెనక లైట్‌హౌస్ అక్కడిదే. అది చూసేశామనిపించుకోవడానికి పడవలోంచి చూస్తే చాలు.

ఇంక హేవ్‌లాక్, నీల్ ద్వీపాలు. ఈ పేర్లు 1857 తిరుగుబాటును అణిచిన ఇద్దరు బ్రిటిష్ సేనానులవి. అదే తిరుగుబాటు ఖైదీలతో 1858 మార్చిలో ఈ శిక్షాస్థలం మొదలైంది. కొట్టినవాడి పేరు ద్వీపానికి, దెబ్బ తిన్నవాడి పేరు జైలు గోడ మీద. 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చారు. నీల్‌లో ఊళ్లు మాత్రం రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. దేశవిభజన తర్వాత వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు అక్కడ ఎక్కువ. మీ అమ్మగారికి నీలే నచ్చుతుంది, చిన్నది, గోల తక్కువ. రాధానగర్ బీచ్ కోసం హేవ్‌లాక్ ఒక రాత్రి చాలు.

ఒక జాగ్రత్త. విమానం రోజుకి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. సముద్రం బాగోలేదని మా పడవ ఆఖరి నిమిషంలో ఆపేశారు. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు, ఆ రాత్రంతా టెన్షనే. చీకటి కూడా తొందరగా పడుతుంది, గడియారం మనదే అయినా అయిదున్నరకే సూర్యుడుండడు. కాబట్టి పొద్దున అయిదింటికే బయల్దేరండి. పగడం ముక్కలు, గవ్వలు ఏరి సంచీలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. బారటాంగ్ గుహల దారి జారవా అనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. అక్కడ బండ్లన్నీ గుంపుగా కదలాలి, ఆగకూడదు, ఫోటో తీయకూడదు. ఆ రోడ్డు మీద మనుషుల్ని చూడ్డానికని వెళ్లేవాళ్లుంటారు. నాకు ఒప్పలేదు, మేం మానేశాం.

భాష గురించి బెంగ వద్దు. జంగ్లీఘాట్ వైపు వెళ్తుంటే ఆటో అతను మా మాటలు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని తిరిగాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి చేపల వేటకి వచ్చి ఉండిపోయాడట. మా నాన్న వెంటనే ముందు సీట్లోకి మారాడు. సాయంత్రం వాళ్లింటికే వెళ్లి చేపల పులుసు తిన్నాం. ఏ ప్యాకేజీలోనూ లేనిది అది.

విశాఖ నుంచి ఓడ ఉంది, రెండున్నర రోజులు పడుతుంది. కానీ తేదీలు ముందుగా తెలియవు, మీకున్నది ఐదు రోజులే. ఈసారికి విమానమే ఎక్కండి.